తొలిపిల్ల చెవికుచ్చు

సోరాపంపా గడ్డినేల మీద బసీలియా పేరు తెలియని కొంప లేదు. ఉన్నవి పద్నాలుగు కొంపలే కావచ్చు. కానీ కింది లోయల నుంచి మొక్కజొన్న బస్తాలు లామాల మీద వేసుకుని వచ్చేవాళ్లు సైతం దారి అడిగితే "బసీలియా దొడ్డి దాటాక ఇంకెంత దూరం?" అనే అడుగుతారు తప్ప కొండ పేరు చెప్పరు, ఏటి పేరు చెప్పరు.

ఆ పేరు ఊరికే రాలేదు. జిల్లా పశువుల పోటీలో ఆమె అల్పాకాలు, లామాలకంటే పొట్టివైన ఆ ఉన్ని పశువులు, గెలిచిన బహుమతి పట్టీలు పదకొండు. ఏడు ఎర్రవి, నాలుగు నీలివి. అన్నిటినీ ఇంటి దూలానికి మేకులు కొట్టి వరసగా వేలాడదీసింది. పొయ్యి పొగకు ఏవి ఎర్రవో ఏవి నీలివో ఇప్పుడు ఆమె చెబితే తప్ప తెలియదు, ఆమె చెప్పకుండా ఎవరినీ వదలదు. నడుం లోతు మంచు కురిసిన ఏడాది అందరి మందలూ సగానికి సగం పడిపోతే ఆమెకు పోయినవి మూడు, అందులోనూ ఒకటి ముసలిది. పట్నం నుంచి సూదిమందు తెచ్చిన పశువుల డాక్టరు మొహం మీద ఒక పోతు అల్పాకా నమిలిన గడ్డంతా ఉమ్మేస్తే, ఆయన మొహం కడుక్కుని వచ్చేలోపు దాన్ని ఒంటిచేత్తో నిలబెట్టి "ఇప్పుడు పొడుచుకో నాయనా" అన్నది ఆమే. ఈనలేక అవస్థ పడే తల్లి ఎక్కడున్నా, రెండు కొండల అవతలి నుంచయినా, ఆమెకే కబురొచ్చేది.

చూడబోతే పొట్టి మనిషి. ఉన్న గొప్పంతా కుడిచేతిలో ఉంది. వెడల్పాటి అరచెయ్యి, లామా కొరికి వంకరపోయిన బొటనవేలు. ఆ చెయ్యి మెడ వెనక పడితే ఎంత బెదురు పశువైనా నిలబడిపోతుంది. దాన్నే అందరూ హస్తవాసి అనేవాళ్లు.

ఆ హస్తవాసికి ఏటా ఒకసారి పరీక్ష. కార్నివాల్ పండుగ నాడు మంద మొత్తాన్ని రాతిదొడ్డిలోకి తోలి, ఆ వానాకాలంలో మొట్టమొదట పుట్టిన పిల్లను నడిమధ్య నిలబెడతారు. తాడు వేయకూడదు. కాళ్లు కట్టకూడదు. ఇంటి ఇల్లాలు మెడ మీద చెయ్యి వేస్తుంది, ఇంటాయన చెవి కుట్టి రంగు ఉన్ని కుచ్చు కడతాడు. అంతసేపూ పిల్ల కదలకుండా నిలిస్తే మంద పెరుగుతుంది. బెదిరి పారిపోతే ఆ ఏడంతా నక్కకీ వడగళ్లకీ ఇరుగుపొరుగు నోళ్లకీ మేత. బసీలియా చేతికింద తొలిపిల్ల నిలవడం ఇరవై తొమ్మిదేళ్లుగా తప్పలేదు.

ఆ చేతితోపాటు ఒక మూట కూడా ఉంది. పాత నేతగుడ్డలో చుట్టిన ఏడు నున్నటి రాళ్లు, ఒక్కొక్కటీ పడుకున్న అల్పాకా ఆకారంలో. కొండదేవర ఇచ్చిన మంద అంటారు వాటిని. ఆ మూట వయసునుబట్టి దక్కదు. ఎవరి చేతికి తొలిపిల్ల నిలుస్తుందో వాళ్లదే. బసీలియా అత్త ముసలితనంలో చెయ్యి వణికి పిల్లను నిలబెట్టలేకపోయినప్పుడు, పెద్ద కోడళ్లు ఇద్దరుండగా నిన్నగాక మొన్న వచ్చిన బసీలియా ముందుకొచ్చి చెయ్యి వేసింది. పిల్ల నిలిచింది. మూట ఆ పూటే ఆమె వీపు మీదికి వచ్చింది. పెద్ద తోడికోడలి మొహం ఆరోజు ఎలా మాడిందో ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

అందుకే ఆమెకు కోడలు ఎలాంటిది కావాలో ముందే తెలుసు. పశువు పని రానిది కావాలి.

లుస్మిలా సరిగ్గా అలాంటిదే దొరికింది. కొడుకు వెనాన్సియో ఉప్పు, ఎండుమాంసం లామాల మీద వేసుకుని కింది లోయకు వెళ్లి, మొక్కజొన్నలతోపాటు ఈ పిల్లనూ తీసుకుని వచ్చాడు. లోయపిల్ల. మొక్కజొన్న పొత్తు ఒలవమంటే ఒలుస్తుంది, అల్పాకాను చూస్తే రెండడుగులు వెనక్కి వేస్తుంది. వచ్చిన కొత్తలో మందను చూసి "అత్తా, ఈ గొర్రెలు కరుస్తాయా?" అని అడిగింది. బసీలియా వారం రోజులు ఆ మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఎక్కే పొద్దున లుస్మిలాకు పేడ పెంటికలు ఏరి ఎండబెట్టే పని, దిగే పొద్దున ఉన్ని వడికే పని. మనిషి నెమ్మది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కదురు చేతిలోంచి జారవిడిచేది. బసీలియాకు ఆ కోడలి మీద ఎంతో ప్రేమగా ఉండేది.

ఆ ఏటి తొలిపిల్ల డిసెంబరులో, అక్కడి వానలు మొదలయ్యే నెలలో, పుట్టింది. ఆడది. ఒళ్లంతా తెలుపు, ఎడమ కంటి చుట్టూ మాత్రం ఎండుగడ్డి రంగు మచ్చ. పుట్టి తొమ్మిది రోజులు గడిచాయో లేదో తల్లి మీద పిడుగు పడింది.

అలాంటి పిల్లను ఎలా బతికించాలో బసీలియాకు తెలిసినట్టు సోరాపంపాలో ఇంకెవరికీ తెలియదు. ఆ పొద్దునే ఇంకొక తల్లి చచ్చిన పిల్లను ఈనింది. బసీలియా ఆ చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తడి ఆరకముందే మచ్చకన్నుదానికి చొక్కాలా తొడిగి, కడుపు కింద ఉన్ని తాళ్లతో కట్టేసింది. పాలున్న తల్లి వచ్చి మెడ దగ్గర వాసన చూసింది, తోక కింద చూసింది, తన బిడ్డే అనుకుని కూనిరాగం తీసి పొదుగు ఇచ్చింది. ఇక ఎనిమిది రోజుల పని. రోజుకు రెండు వేళ్ల మేర తోలు కోసేస్తూ రావాలి. తొందరపడి ఒక్కసారిగా తీసేస్తే తల్లి తన్ని తరిమేస్తుంది. ఎనిమిదో రోజుకి తన పాల వాసన పిల్ల ఒంట్లోకి దిగుతుంది, అప్పుడిక తోలుతో పని లేదు. బసీలియా అలా నిలబెట్టిన పిల్లలు మచ్చకన్నుతో కలిపి పదిహేడు.

కానీ ఈ పదిహేడోదానితో ఒక తిరకాసు వచ్చింది. చచ్చిన తల్లి పక్కనుంచి అది లేవలేదు. చీకటిపడితే మంచుకు బిగుసుకుపోతుంది, బుజ్జగిస్తూ కూచునే వేళ కాదు. వెనక కాలు పట్టి ఈడ్చి, మోకాలి కింద అదిమిపెట్టి మరీ తోలు కట్టింది బసీలియా. పిల్ల బతికింది, ఆ మోకాలిని మాత్రం మరవలేదు. బసీలియా దొడ్డిలో అడుగుపెడితే చాలు, చెవులు వెనక్కి పెట్టి, పెంపుడు తల్లి అవతలి వైపుకు వెళ్లి నక్కేది. మనిషి నీడ పడ్డా ఉలిక్కిపడేది.

'మెల్లగా దారికొస్తుందిలే, కార్నివాల్‌కి ఇంకా రెండు నెలలుంది' అనుకుంది బసీలియా. అరచేతిలో ఉప్పు పెట్టుకుని వెళ్లింది. మిగిలిన పిల్లలన్నీ వచ్చి చెయ్యి నాకాయి, అది రాలేదు. తల్లులు తీసే కూనిరాగం తానే తీస్తూ దొడ్డి చుట్టూ తిరిగింది. అదీ చుట్టూ తిరిగింది, ఎప్పుడూ ఆమెకు ఎదురు కొసన.

ఒకరోజు గోడ రాళ్ల సందులోంచి చూడరానిది చూసింది.

లుస్మిలా దొడ్డిలో నేలమీద కూచుని కదురు తిప్పుతోంది. మంద వైపు వీపు పెట్టింది. పశువుల మొహాలు చూస్తే భయమని ఆమె ఎప్పుడూ అలాగే కూచునేది. ఆ భయస్తురాలి వెనక, అరచేయి దూరంలో, మచ్చకన్నుది మెడ చాచి నిలబడి ఆమె జడ కొస వాసన చూస్తోంది. లుస్మిలా తిరగలేదు. భుజాలు బిగుసుకున్నాయి, కదురు ఆగలేదు. పిల్ల జడ కొస నోట్లో పెట్టుకుని నమిలింది. అప్పుడు లుస్మిలా నవ్వింది, పెదవి విప్పకుండా, ముక్కుతో.

బసీలియా గోడ మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. పాలు తాగించిన చెయ్యి ఇది. పిల్ల వెతుక్కుంటూ వెళ్లింది ఆ జడ దగ్గరికి.

అప్పట్నుంచి రోజూ ఆ సందు దగ్గర ఆమెకు ఏదో పని ఉండేది. కోడలు చేసేదంతా చూసింది. లుస్మిలాకు ఎవరూ నేర్పలేదు. తనకు ఎవరైనా ఏం చేస్తే భయం వేస్తుందో అది చెయ్యకుండా ఉండేది, అంతే. కళ్లలోకి చూసేది కాదు. నిలబడేది కాదు, పిల్లకంటే తక్కువ ఎత్తులోనే ఉండేది. చెయ్యి వేసినా నెత్తి మీద కాదు. మెడ పక్కన, అదీ అరచెయ్యి కాదు, మడిచిన వేళ్ల వెనకవైపు. మెత్తని ఉన్నితాడు ఒకటి పేని వారం రోజులు తన మెడకే వేసుకుని తిరిగింది. ఆ తర్వాత దాన్ని పిల్ల వీపు మీద ఊరికే పడేసి మూడు రోజులు వదిలేసింది. ఆ తర్వాత మెడ చుట్టూ, ముడి వేయకుండా. తాడు లాగేది కాదు. కొస పట్టుకుని తానే ఒక అడుగు వేసి ఆగేది. పిల్ల ఆలోచించి ఒక అడుగు వేసేది. వేసిన మరుక్షణం తాడు వదులు చేసేది.

ప్రతి రోజూ చూసి, ప్రతి రోజూ తప్పు పట్టింది బసీలియా. కూచుని పశువును మచ్చిక చేసినవాళ్లను తన జన్మలో చూడలేదంది. పొయ్యిలోకి పెంటికలు తక్కువయ్యాయంది. వడికిన దారం ఉండలు ఉండలుగా ఉందంది. ఆ దారం అద్దంలా నున్నగా ఉంది, అది ఆమెకూ తెలుసు. కోడలు దేనికీ ఎదురు చెప్పేది కాదు, అది ఇంకా మండించేది.

భర్త మెల్చోర్ జావ తాగుతూ ఊరుకోడు కదా.

"నీకు ముప్పయ్యేళ్లకి పట్టుబడింది ఆ పిల్లకి ముప్పై దినాలకి వచ్చేసిందే," అన్నాడు.

"అది రావడమూ కాదు పాడూ కాదు. ఆ పశువుకి తిక్క. బెదురు గొడ్డుకి బెదురు మనిషి తోడు."

"అయితే నీకు తోడెవరే?"

"నువ్వున్నావుగా. నా కర్మ."

మెల్చోర్ గిన్నె చాటున నవ్వుకున్నాడు. ఆమె మాత్రం ఆ పూట చూన్యో, మంచులో ఆరబెట్టిన దుంపలు, సగమే పెట్టి లేచిపోయింది. తానూ తినలేదు.

ఏటి అవతలి ఇంటి ఎదువీహెస్ సంగతి వేరు. పదకొండు పట్టీల వల్ల ఇరవై ఏళ్లుగా నిద్రపట్టని మనిషి. జున్ను మార్చుకునే నెపంతో వచ్చి, దొడ్డి వైపు ఒక చూపు చూసి, తీరిగ్గా కోకా ఆకు నోట్లో వేసుకుంది.

"వదినా, నీ తొలిపిల్ల జడలు నమిలే పిల్లంట గదా. ఈ ఏడు కుచ్చు కట్టేప్పుడు చెయ్యేసేది నువ్వా, జడున్నోళ్లా?"

"నాకు లేవా జడలు?"

"ఎందుకు లేవు. నెరిసినయి, అంతే."

ఆ మాట బసీలియాకు ముల్లులా దిగింది. ఎదువీహెస్ వెళ్లాక, దూలం మీది మూట దించి, విప్పి, ఏడు రాళ్లూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. తన పెద్ద తోడికోడలి మొహం గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి నవ్వు రాలేదు.

మరునాడే ఒక ఉపాయం తోచింది. పై మైదానంలో మగమందతో వెనాన్సియో ఒక్కడే ఉంటున్నాడు. కోడలిని పిలిచి, పాపం వాడు చలిలో ఒంటరిగా వండుకు తింటున్నాడనీ, వారం రోజులు వెళ్లి వాడికి వేడివేడిగా వండిపెట్టి, పండుగ ముందు రోజు రమ్మనీ చెప్పింది. మొగుడి దగ్గరికి వెళ్లమంటే కాదనే పెళ్లాం ఎవరు? లుస్మిలా దొడ్డి వైపు ఒకసారి చూసి, మందపాటి శాలువ కప్పుకుని, గిన్నె మూటకట్టుకుని వెళ్లింది. రోజూ కప్పుకునే గోధుమరంగు శాలువ కొయ్యకు వేలాడుతూ ఉండిపోయింది.

మచ్చకన్నుది మొదటి రోజంతా దొడ్డి వాకిట్లో నిలబడి పై దారి వైపు చూస్తూ మూలిగింది. రెండో రోజు పాలు కూడా సరిగ్గా తాగలేదు. బసీలియా ఉప్పు పట్టుకుని వెళ్తే గోడ ఎక్కబోయి మోకాలు గీరుకుంది. మూడో రోజూ నాలుగో రోజూ అంతే. పండుగ ఇంక మూడు రోజులుంది.

ఆ పొద్దున ఆమె చూపు కొయ్య మీది శాలువ మీద పడింది.

పదిహేడు పిల్లలకు వేరే బిడ్డ తోలు తొడిగిన మనిషికి అంతకంటే చెప్పాలా? మెల్చోర్ ఏటికి వెళ్లేదాకా ఆగి, శాలువ తీసి కప్పుకుంది. మెడచుట్టూ, చెవులదాకా. అందులో కోడలి జడ నూనె వాసన, మొక్కజొన్న వేయించిన వాసన. దొడ్డిలోకి వెళ్లి, మందకు వీపు పెట్టి నేల మీద కూచుంది. ఇన్నేళ్లలో పశువుకు వీపు పెట్టడం ఆమెకు అదే మొదలు. కదురు తిప్పింది. తిరగలేదు.

చాలాసేపటికి వెనక పెంటికల మీద చిన్న అడుగుల చప్పుడయింది. ఆగింది. మళ్లీ వినబడింది. మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది.

బసీలియా కదురు చేతిలోనే ఆగిపోయింది. పిల్ల ఇంకా దగ్గరికొచ్చి, ఆమె భుజం మీద గడ్డం ఆనించి, చిన్నగా కూనిరాగం తీసింది. కాళ్లు తిమ్మిరెక్కాయి, నడుం పీకింది, అయినా కదలలేదు. ఎంత మెత్తగా ఉందో ఆ గడ్డం! ఇన్నాళ్లుగా గోడ సందులోంచి చూసి కుళ్లుకున్నది ఇదే కదా, ఇప్పుడు తన భుజం మీద ఉంది. కానీ ఈ కూనిరాగం తనకు కాదు. ఈ గడ్డం ఆనినది తన భుజం మీద కాదు, శాలువ మీద. గోడ అవతల నిలబడి చూసినప్పుడు కలిగిన మంటకంటే ఇది పెద్దది.

అయినా మరునాడూ కప్పుకుంది.

మూడో రోజు, పండుగ ముందు రోజు, పిల్ల అలా భుజం మీద గడ్డం పెట్టి కళ్లు మూసుకుని ఉండగా పై దారి నుంచి పాట వినబడింది. లుస్మిలా గొంతు. కోడలు ఈ ఇంటికొచ్చాక ఏనాడూ పాడింది లేదు. బసీలియా గబుక్కున శాలువ లాగి కిందపడేసి లేచింది. పిల్ల ఆమె మొహం చూసి, బెదిరి, ఆరడుగులు వెనక్కి దూకింది.

లుస్మిలా పాడుతూ, దగ్గుతూ, కాళ్లీడుస్తూ, గోడ చుట్టూ తిరిగి వాకిట్లోకి వచ్చింది. కింద పడి ఉన్న శాలువ చూడలేదు. అంటే, చూడలేదన్నట్టు పైకి చూసింది.

"చూన్యో నానబెట్టావా అత్తా, రేపటికి?"

"నానబెట్టక?"

అంతే మాట. కానీ వంట చేస్తున్నంతసేపూ బసీలియాకు ఒకటే తొలిచింది. ఆ పాట మొదటి నుంచి మొదలవలేదు. దూరం నుంచి దగ్గరవుతూ రాలేదు, గోడకు దగ్గర్లోనే నడిమధ్యలో ఎత్తుకుంది. అంటే గోడ దగ్గర నిలబడి, చూసి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, తనకు లేవడానికి వ్యవధి ఇస్తూ పాడింది. 'నా మీద జాలిపడిందా, నిన్నగాక మొన్న వచ్చింది!' అనుకుంటూ వేడి జావ గిన్నె పక్కకు నెట్టేసింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నలుగురిలో చెప్పి నవ్వి ఉన్నా సరే, గొర్రెల మాట చెప్పి తాను నవ్వినట్టు.

పండుగ తెల్లవారింది. పద్నాలుగు కొంపల వాళ్లూ వచ్చారు. చెంపలకు పిండి పూసుకున్నారు, టోపీలకు పసుపుపూలు గుచ్చుకున్నారు. మెల్చోర్ నేలతల్లికి మొక్కజొన్న కల్లు చిలకరించి, కొండదేవర పేరు చెప్పి కోకా ఆకులు మూడేసి పట్టి ఊదాడు. వెనాన్సియో, మగవాళ్లూ మందను దొడ్డిలోకి తోలారు. బసీలియా ఎర్ర పండుగ శాలువ కప్పుకుంది. వీపున మూట. ఆ మూట ఉన్న రోజు వేరే శాలువ కప్పుకునే ఆచారం లేదు.

అప్పుడు తెలిసింది తాను చేసిన తప్పు. తోలు కప్పింది మూడు రోజులు. కోస్తూ రావడానికి ఒక్క రోజూ మిగల్చలేదు. పెంపుడు తల్లుల దగ్గర పదిహేడుసార్లు తప్పనిది, తన దగ్గరికి వచ్చేసరికి తప్పింది.

మందలోంచి తల్లినీ మచ్చకన్నుదాన్నీ నడిమధ్యకు వదిలారు. బసీలియా చెయ్యి చాచి ముందుకు వెళ్లింది. ఎనిమిదడుగుల దూరంలో పిల్ల తలెత్తింది. ఆరడుగుల దూరంలో చెవులు వెనక్కి వెళ్లాయి. నాలుగడుగుల దూరంలో తోక లేచింది, ఒళ్లు వణికింది. ఇంకొక్క అడుగు వేస్తే గోడకు తగులుకుంటుంది.

బసీలియా ఆగింది. వెనక ఎదువీహెస్ ఎవరి చెవిలోనో ఏదో అంటున్న గుసగుస వినబడింది.

ఇంకొక దారి ఉంది. ఒక్క ఉదుటున వెళ్లి మెడ ఒడిసిపట్టి, మోకాలు అడ్డం పెడితే కదలలేదు. తాడు వద్దన్నారు గానీ బలం వద్దని ఎవరూ అనలేదు. ఆమెలో ఆ సత్తువ ఇంకా ఉంది. పిల్ల మచ్చకన్నుతో ఆమె మోకాలి వైపే చూస్తోంది.

చాచిన చెయ్యి దించకుండా, వెనక్కి తిరగకుండా పిలిచింది.

"లుస్మిలా."

"అత్తా."

"ఇట్టా రా. నా ముందర కూచో. దానికి ఈపు పెట్టి."

లుస్మిలా కొత్త పావడాతో పెంటికల మీద కూచుంది. దొడ్డంతా చూస్తోంది, కోడలి చెవులు ఎర్రబడ్డాయి, తల వంచుకుంది. మచ్చకన్నుది మెడ చాచింది. రెండడుగులు వేసింది. జడ వాసన చూసింది. చెవులు నిదానంగా ముందుకొచ్చాయి.

"చెయ్యెయ్యి," అంది బసీలియా.

లుస్మిలా వెనక్కి చూడకుండా భుజం మీదుగా చెయ్యి చాచి, మడిచిన వేళ్లు పిల్ల మెడకు ఆనించి, మెల్లగా అరచెయ్యి విప్పింది. బసీలియా వంగి తన వంకర బొటనవేలి చెయ్యి కోడలి చేతిమీద వేసింది. పిల్ల ఒళ్లు ఒక్కసారి జలదరించింది. ఆ జలదరింపు కోడలి చేతిగుండా వచ్చి ఆమెకు తగిలింది. పిల్ల నిలబడింది.

మెల్చోర్ సూదితో, గులాబీరంగూ ఆకుపచ్చా కలిపిన కుచ్చుతో వచ్చాడు. అతను చెవి పట్టుకునేసరికి, అడుగున ఉన్న చెయ్యి మెల్లగా జారడం బసీలియాకు తెలిసింది. వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయి. లుస్మిలా తన చెయ్యి తీసేసుకుంటోంది, చివరికి పిల్ల మెడ మీద అత్త చెయ్యి ఒక్కటే మిగిలేటట్టు, అందరూ దాన్నే చూసేటట్టు.

బసీలియా ఆ చేతిని గట్టిగా నొక్కింది.

"తీయబాక," అంది కోడలికి మాత్రమే వినబడేలా. "ఒక్కసారిగా తీస్తే తన్నుద్ది. ఎనిమిది దినాలు పట్టుద్ది దీనికి."

లుస్మిలా చెయ్యి ఆగిపోయింది. సూది దిగింది. పిల్ల కన్ను ఆర్పింది, కాలు మాత్రం కదపలేదు. కుచ్చు కట్టడం అయ్యాక వెనాన్సియో టోపీ ఎగరేశాడు, దొడ్డంతా కల్లు చిలకరించుకున్నారు.

ఎదువీహెస్ ఊరుకుంటే ఎదువీహెస్ ఎందుకవుతుంది? కల్లు చెంబు పట్టుకుని పక్కన చేరింది.

"ఇంతకీ పిల్ల నిలిచింది ఎవరి చేతికి వదినా?"

"పైనున్న చెయ్యి ఎవరిదో కనబళ్లా నీకు?"

"కనబడింది. కిందున్నది గూడా కనబడింది."

"అయితే రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. కల్లు తాగు."

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర బసీలియా వేళ్లు మడిచి లెక్కపెట్టి, ముప్పయ్యేళ్లు నిండాయని ప్రకటించింది. మెల్చోర్ జావగిన్నెలోంచి తల ఎత్తి, ఇరవై తొమ్మిదిన్నర అన్నాడు. ఆమె అతనికి రెండో గరిటె జావ వడ్డించలేదు. తర్వాత మూట దూలం మీద పెట్టబోతూ, రాళ్లన్నీ సర్ది గుడ్డ మడిచి, కోడలిని పిలిచింది.

"ముడి మీద ఏలు పెట్టు. జారతాంది."

ఆ ముడి ముప్పయ్యేళ్లుగా ఆమె ఒక్కతే వేస్తోంది, ఏనాడూ జారలేదు. లుస్మిలా వేలు పెట్టింది. మూట మళ్లీ దూలం మీదికే వెళ్లింది. ఇంకా బసీలియాదే. ఆ సంగతి ఎవరికైనా అనుమానం ఉంటే ఆమెనే అడగవచ్చు.

మరునాటి నుంచి ఎనిమిది రోజులు అత్తాకోడళ్లు ఇద్దరూ దొడ్డిలో కూచున్నారు. చెయ్యి మీద చెయ్యి. రోజుకు రెండు వేళ్ల మేర కోడలి చెయ్యి వెనక్కి వచ్చేది. ఎంత రావాలో బసీలియా చెప్పేది. నువ్వు నిలబడబాకత్తా, కళ్లలోకి చూడబాకత్తా అని లుస్మిలా చెప్పేది. చెప్పించుకోవడం బసీలియాకు ఒంటి మీద తేలు పాకినట్టుండేది. అయినా కూచుంది, చూడలేదు.

తొమ్మిదో రోజు లుస్మిలా నీళ్లకని ఏటికి వెళ్లింది. దొడ్డిలో బసీలియా ఒక్కతే, తన పాత శాలువతో. మచ్చకన్నుది వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆగి, ఆలోచించి, మిగిలిన నాలుగూ వేసింది. వంకర బొటనవేలి చెయ్యి దాని మెడ పక్కన ఆనింది, వేళ్ల వెనకవైపు, మెల్లగా. పిల్ల కదలలేదు. కొత్త కుచ్చు గాలికి ఊగుతోంది.

తర్వాత అది ఆమె చేతికిందనే నిలబడి, మెడ తిప్పి, ఏటి దారి వైపు చూస్తూ మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు ఎవరి కోసమో బసీలియాకు తెలుసు. పాత మంట మళ్లీ రాజుకుంది. చెయ్యి మాత్రం తీయలేదు.

"వస్తాదిలే," అంది విసుగ్గా. "నీళ్లకేగా పోయింది."